పదకొండు సంతకాలు

11 ఫిబ్రవరి 2025, మంగళవారం

అరుణజ్యోతి హాజరు ఈరోజుతో రెండు వందలు నిండింది. పీహెచ్‌డీ వాళ్ళు రీసెర్చ్ సెంటర్‌లో రెండు వందల రోజులు హాజరు వేసుకోవాలని రూలు. సుపేలా బజారు నుంచి జిలేబీ తెచ్చి అందరికీ పంచింది. థీసిస్ బైండింగ్ అయింది. ప్లేజియరిజం రిపోర్టు వచ్చింది. ఆరు నెలలకోసారి ఇచ్చే ప్రోగ్రెస్ రిపోర్టులన్నీ ఫైల్లో ఉన్నాయి. ఇక హాజరు సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. 28తో ఆమె రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఆలోపు ఫైలు యూనివర్సిటీకి చేరకపోతే ఐదేళ్ళ చదువు పోయినట్టే.

సెంటర్ ఇన్‌ఛార్జి మీనాక్షి మేడమ్ సర్టిఫికెట్ నా చేతికిచ్చారు. కింద ఎడమవైపు, రిజిస్టరు సరిచూసినవారు అని, దాని పక్కన నా పేరు టైపు చేసి ఉంది. కొర్నేలి. కొత్త రూలట. రిజిస్టరు ఎవరి దగ్గరుంటే వాళ్ళే సంతకం పెట్టాలట. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ అటెండర్ని. పీహెచ్‌డీ రూళ్ళున్న ఆర్డినెన్స్ ఇంగ్లీషులోనూ హిందీలోనూ నా అంతట నేనే చదువుకున్నాను. రూలు కావాలంటే ప్రొఫెసర్లు కూడా నన్నే అడుగుతారు. నా పేరు మాత్రం ఇప్పటిదాకా ఏ కాగితం మీదా రాలేదు.

రేపు పెడతానన్నాను.

12 ఫిబ్రవరి

పెట్టలేదు.

ఆ రెండు వందల్లో పదకొండు ఆమె సంతకాలు కావు. నేను పెట్టినవి.

రెండేళ్ళ కిందట సెప్టెంబర్‌లో ఆమె భర్త సతీష్‌కుమార్‌కి కామెర్లు ముదిరాయి. పదకొండు రోజులు ఆస్పత్రి వదల్లేదు ఆమె. నెలలో పదకొండు గడులు ఖాళీగా ఉంటే షోకాజ్ నోటీసు వెళ్తుంది. ఈ హిందీ ఊళ్ళో, రిజిస్టర్లో తెలుగులో సంతకం పెట్టేది ఆమె ఒక్కతే. ఆఫీసులో తెలుగు రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పెట్టేశాను.

ఇక్కడికి రాకముందు ఒక కాంట్రాక్టరు గ్యాంగులో స్క్రాప్ ఎత్తేవాణ్ణి. ఒకడి భార్యకి నొప్పులొస్తే ఇంకొకడు వాడి హాజరు వేసేవాడు. దాన్ని అడ్జస్ట్‌మెంట్ అనేవాళ్ళం. దొంగతనం అని ఎవరికీ తోచలేదు. ఎందుకంటే రానివాడి బరువు మిగిలినవాళ్ళం ఎత్తేవాళ్ళం.

ఇక్కడ ఆమె బరువు ఎవరెత్తారు? ఈ మాట ఆరోజు ఎందుకు తట్టలేదో.

ఆమెకు తెలియదు. చెబితే ఉపకారం చేసి చూపించినట్టుంటుందని ఊరుకున్నాను. తిరిగొచ్చాక ఆమె పాత పేజీలు తిప్పలేదు.

13 ఫిబ్రవరి

చెప్పలేదు.

14 ఫిబ్రవరి

ఆమె టీచరుగా చేసే స్కూలు కోహ్కాలో ఉంది. లంచ్ టైములో సైకిల్ మీద వెళ్ళాను. గేటు ఎదురుగా పది నిమిషాలు నిలబడ్డాను. వాచ్‌మన్ ఏ పిల్లాడి తాలూకు అని అడిగాడు. ఎవరి తాలూకూ కాదని వచ్చేశాను.

అన్నం దగ్గర నా భార్య సుమతి కనిపెట్టింది. ఏటయింది, మూడ్రోజుల్నించీ కంచంలో కూడు కెలుకుతున్నావు అంది. చెప్పాను. నా కంచం పక్కకు జరిపింది. తర్వాత మొదలుపెట్టింది. ఆ పిల్ల బాబాయ్ బాబాయ్ అని తిరుగుతాది, నువ్వేమో రాయిలాగ కూకున్నావు, నువ్వు నోరు తెరవాలంటే పాస్టరుగారొచ్చి ప్రార్థన చెయ్యాలేటి అంది.

క్యాలెండరు చూశాను. రెండు ఆదివారాలు, శివరాత్రి పోగా రేపటి నుంచి 28 దాకా పని రోజులు సరిగ్గా పదకొండు. మంగళవారం రోజే చెప్పి ఉంటే పద్నాలుగుండేవి. మూడు రోజులు నేను తినేశాను.

15 ఫిబ్రవరి, శనివారం

చెప్పాను.

లైబ్రరీ నో డ్యూస్ కోసం వచ్చింది. రిజిస్టరు తెరిచి సెప్టెంబర్ పేజీ ముందు పెట్టాను. ఇవి నావి అన్నాను. ముందు నవ్వింది. నా సంతకం నాకన్నా బాగా పెట్టావు బాబాయ్ అంది. తర్వాత నా మొహం చూసింది.

అడిగానేటి నిన్ను, నానెప్పుడైనా అడిగానేటి అంది. ఆమె గొంతు అంత పెరగడం నేనెప్పుడూ వినలేదు. పోనీ రెండేళ్ళు నోరు మూసుకున్నావు, ఇంకో పదమూడు రోజులు మూసుకుంటే ఏటి పోయింది అంది. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలేనన్నాను. అయితే నీ సంతకం నాను పెట్టేస్తాను, నాది నువ్వు పెట్టలేదా అంది.



ఎర్ర పెన్ను తీసి పదకొండు గడులూ ఆమె ముందే కొట్టేశాను. నూట ఎనభై తొమ్మిది. గోడ గడియారం చూసింది. నాలుగున్నర. ఐదు లోపు పెట్టిన సంతకమే ఆ రోజుకి చెల్లుతుంది. పెన్ను లాక్కుని ఆరోజు గడిలో సంతకం పెట్టింది. కాగితం చిరిగింది.

నూట తొంభై.

17 ఫిబ్రవరి

4:35. వచ్చింది, పెట్టింది, వెళ్ళింది.

18 ఫిబ్రవరి

4:41. మాట లేదు.

20 ఫిబ్రవరి

నిన్న 4:30, ఈరోజు 4:52. స్కూలు వదిలేది నాలుగింటికి. పరీక్షల రోజులు. రోజూ తొందరగా వెళ్తుంటే, దీదీ ట్యూషన్ సెంటర్ పెట్టిందా అని స్టాఫ్ రూములో ఎగతాళి చేస్తున్నారట. ఇది కిటికీ వైపు తిరిగి చెప్పింది. నాతో చెప్పినట్టే లెక్క వేసుకున్నాను.

నాలుగున్నర నుంచి నాకు కూర్చోబుద్ధి కాదు. మెట్ల దాకా పోవడం, రావడం.

22 ఫిబ్రవరి, శనివారం

నూట తొంభై ఆరు. మిగిలినవి నాలుగు సంతకాలు, నాలుగు రోజులు. ఒక్కటి తప్పినా ఇంకొకటి లేదు.

23 ఫిబ్రవరి

చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క ఎక్కలేదు. రెండుసార్లు గడియారం చూశానని సుమతి మోచేత్తో పొడిచింది.

24 ఫిబ్రవరి, సోమవారం. సాయంత్రం 5:05

రాలేదు.

ఫోన్ చేస్తే స్విచాఫ్. సతీష్‌కుమార్‌కి చేశాను. పరీక్ష డ్యూటీ వేశారట, ఫోన్లు బయట పెట్టించారట, పేపర్లు కట్టి సీలు వేసేదాకా వదలరట. ఏటి చెయ్యమంటావు బాబాయ్, గోడ దూకమంటావా అన్నాడు.

ఐదుకి గీత గీసి రిజిస్టరు మూయాలి. గీయలేదు. గడి ఖాళీగా ఉంది. ఆ సంతకం నా వేళ్ళకి వచ్చు.

చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాను.

అదే రోజు, 6:10

5:40కి వచ్చింది. ఆటో దొరక్క సగం దూరం పరుగెత్తిందట. ఒక చెప్పు తెగి చేతిలో ఉంది. గది తెరిచి ఉండడం చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

సంతకం పెట్టింది. టైము గడి దగ్గర పెన్ను ఆగింది. నన్ను చూసింది. నాలుగు యాభై అని రాస్తే చూసేవాళ్ళెవరూ లేరు. ఎంత రాయను బాబాయ్ అంది. తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ బాబాయ్ అంది.

గడియారం వైపు చూపించాను.

5:40 అని రాసింది. ఏడవలేదు. చెప్పు పట్టుకుని వెళ్ళిపోయింది.

25 ఫిబ్రవరి

పొద్దున్నే రిజిస్టరు మీనాక్షి మేడమ్ టేబుల్ మీద పెట్టాను. ఆలస్యపు హాజరుని అనుమతించే అధికారం ఇన్‌ఛార్జికి ఉంది. ఆర్డినెన్స్ పేజీకి చీటీ పెట్టి ఉంచాను. ఆవిడ ఆ పేజీ చూడలేదు. ఎర్ర గీతలు చూశారు.

అన్నీ చెప్పాను. నా జీవితంలో ఒక్కసారిగా అంత మాట్లాడిన గుర్తు లేదు. ఆమెకు తెలియదని మూడుసార్లు చెప్పానట. కమాల్ హై, భలేవాడివే కొర్నేలీ భయ్యా, పదకొండు రోజులు మింగేశావు, నలభై నిమిషాలు గొంతు దిగలేదా అన్నారు హిందీలో. నవ్వుతున్నారేమో అనుకున్నాను. కాదు.

5:40 పక్కన అనుమతించడమైనది అని రాసి సంతకం చేశారు. నా చేత హిందీలో స్టేట్‌మెంట్ రాయించుకున్నారు. అది ఫైలుతో పాటు వెళ్తుందట. సర్టిఫికెట్‌లో నా పేరు కొట్టేసి పైన తన పేరు రాసుకున్నారు. మార్చి ఒకటి నుంచి నాకు గేటు డ్యూటీ. రిజిస్టరు ముట్టుకోకూడదు.

సరే మేడమ్ అన్నాను.

అరుణజ్యోతి 4:20కి వచ్చింది. నూట తొంభై ఎనిమిది.

26 ఫిబ్రవరి

శివరాత్రి. సెలవు. ఇల్లంతా తిరిగాను. బయటికి పోయి తిరగమంది సుమతి.

28 ఫిబ్రవరి, శుక్రవారం

నిన్న ఒకటి. ఈరోజు సెలవు పెట్టి పదింటికే వచ్చి ఆఖరిది పెట్టింది. రెండు వందలు. మేడమ్ లెక్కపెట్టారు, రెండుసార్లు. ఫైలు పట్టుకుని సతీష్‌కుమార్ బండి ఎక్కింది. 3:15కి యూనివర్సిటీ రిసీవింగ్ ముద్ర పడిందని మేడమ్‌కి ఫోన్ వచ్చింది. నాకు రాలేదు.

3 మార్చి, సోమవారం

గేటు. పదకొండు దాటాక అరుణజ్యోతి వచ్చింది. థీసిస్ ఇచ్చేసింది కాబట్టి ఇప్పుడు విజిటర్. పుస్తకం ఆమె వైపు తిప్పాను. చేతి గడియారం చూసి టైము రాసి లోపలికి వెళ్ళింది. సగం దారిలో ఆగి వెనక్కి వచ్చింది. నా వాచీ రెండు నిమిషాలు ముందుంటాది బాబాయ్ అని, 11:07 కొట్టేసి 11:05 అని రాసింది.