ఇరవై అయిదు వేలిముద్రలు

రేపల్లె దగ్గర పాలెం,
4 ఆగస్టు 1986

ప్రియ కుమార్తె సారాకు నాన్న రాజారత్నం దీవించి రాయునది. ప్రభువు కృపవల్ల మీ అమ్మా నేనూ క్షేమం. గేదె కూడా క్షేమం.

అమ్మా, బాపట్ల నుంచి నువ్వు పంపిన ప్రశ్నల కాగితాల కట్ట అందింది. పైన మీ కాలేజీ పేరు, కింద నీ పేరు, రెండూ అచ్చులో ఉన్నాయి. నీ పేరు అచ్చులో చూడటం ఇదే మొదలు కదా, మీ అమ్మ లక్ష్మమ్మ దాన్ని బొటనవేలితో తడిమి తడిమి చూసింది. చెరిగిపోతుందని నేను లాక్కున్నాను. "సమాజంలో వర్గ అసమానతలు ఎందుకున్నాయి?" అని ఇంత పెద్ద ప్రశ్న మన పాలేనికి వచ్చిందంటే నాకు కాలు నిలవలేదు. నా యాభై ఎనిమిదేళ్ళలో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. రేపల్లె బస్సులో పక్కాయనకి కూడా చెప్పాను. కొబ్బరికాయల వ్యాపారి. "దేవుడు పెట్టినట్టు ఉంటుంది" అని జవాబు చెప్పి నిద్రపోయాడు. అది కూడా రాసుకో.

ఇట్లు,
పొంగిపోతున్న నీ నాన్న

తా.క. ఉత్తరాలు మార్కు పాస్టరు గారి కేరాఫే రాస్తూ ఉండు. వేరే కారణం ఏమీ లేదు.

బాపట్ల హాస్టలు,
9 ఆగస్టు 1986

ప్రియమైన నాన్నకు సారా వందనాలు.

మీ సంతోషం చూసి నాకూ సంతోషమైంది. పని మాత్రం జాగ్రత్తగా చెయ్యాలి నాన్నా. మా పుస్తకంలో ఆ ప్రశ్నకి మూడు రకాల జవాబులున్నాయి. ముఖ్యమైన పనులు నేర్చుకోవటం కష్టం, వాటికి ఎక్కువ ఇస్తేనే తగినవాళ్ళు వస్తారు, అందుకే హెచ్చుతగ్గులు అంటారు కొందరు. భూమి ఎవరి చేతిలో ఉందో వాళ్ళు లేనివాళ్ళ కష్టం మీద బతుకుతారు, అదే మూలం అంటారు ఇంకొందరు. ఆస్తి ఒక్కటే కాదు, గౌరవమూ పలుకుబడీ కూడా కొందరికే అందుతాయి అంటారు మిగతావాళ్ళు. మనవాళ్ళు ఏమంటారో నాకు కావాలి. ఇంటింటికీ వెళ్ళి అడిగి, వాళ్ళన్న మాట అన్నట్టుగా మీరే రాయండి.

మా లెక్చరరు శివపార్వతి గారు ఈ పని చేస్తున్న మా ముగ్గురిలో ఒకరిని నవంబరులో తెనాలి సభలో వ్యాసం చదవటానికి ఎంచుతారు. ఆ అమ్మాయికే ఎమ్మే సీటు కోసం గట్టిగా సిఫారసు రాస్తానన్నారు. అంతా ఆ కాగితాల మీదే ఉంది.

మీ సారా

పాలెం,
20 ఆగస్టు 1986

ప్రియ కుమార్తెకు దీవెనలు.

పనంతా ఒక్క పూటలో అయిపోయింది. ఇంటింటికీ తిరిగే శ్రమే లేదు. మన పాలేనికి ఏ కాగితం వచ్చినా వెళ్ళేది మా ఆసామి వెంకట్రామయ్య గారి అరుగు మీదికే కదా. రేషను కార్డులు, ఓట్ల కాగితాలు, అన్నీ అక్కడే రాస్తారు. ఇవీ అక్కడే పెట్టాను. మహానుభావుడు, కాఫీ కూడా తాగకుండా ఇరవై అయిదూ ఆయనే నింపారు. మేమంతా వరసలో నిలబడి వేలిముద్రలు వేశాం. ప్యాడు కూడా ఆయనదే.

ఏసమ్మ ఏదో చెప్పబోతే "నీదీ అదేగా" అని రాసేశారు. "మనం నోరు తెరవకముందే మన మనసులో మాట రాశారు, చదువంటే అదీ" అంది ఏసమ్మ. సొంత భూమి ఎందుకు లేదు అన్నచోట "ఆసక్తి లేదు" అని రాశారు. ఆసామి ఇంట్లో కుర్చీలో కూర్చుంటారా అన్నచోట "నేల చల్లగా ఉంటుందని కూర్చోరు" అని. అది కొంత నిజమే.

నువ్వు రాసిన మొదటి జవాబు మీ అమ్మకి చెప్పాను. నాట్లెయ్యటం సులువని రాసినాయన్ని ఒక పూట మడిలో వంగమను, అంది.

ఇట్లు,
గెలిచేశామనుకుంటున్న నీ నాన్న

తా.క. వెంకట్రామయ్య గారు తనకీ ఒక కాగితం కావాలన్నారు. ఆయనకీ అసమానత ఉందట. గుంటూరులో తోడల్లుడికి కారుంది.

బాపట్ల,
27 ఆగస్టు 1986

నాన్నకు,

కాగితాలు అందాయి. ఇరవై అయిదింటి మీదా ఒకటే చేతిరాత. శివపార్వతి గారు మొదట నవ్వారు, తరవాత కళ్ళద్దాలు తుడుచుకుని కాగితాలన్నీ మళ్ళీ మొదటినుంచీ తిరగేశారు. పిల్లలు బడి మానటానికి కారణం "పొలం గాలి ఇష్టం" అట. నేను ఎక్కడ తల పెట్టుకోను?

అంతకన్నా ఒకటి అర్థం కాలేదు. పదకొండో కాగితం మీద రాజారత్నం అని ఆయన రాత, పక్కన మీ వేలిముద్ర. నాకు నాలుగేసి పేజీల ఉత్తరాలు రాసే మనిషి వేలిముద్ర ఎందుకు వేశారు? మిషను స్కూల్లో అయిదో తరగతి దాకా చదివానని చిన్నప్పటినుంచీ నాకు చెప్పింది మీరే. అది అబద్ధమా, ఇది అబద్ధమా?

సారా

తా.క. భూమి మీద ఆసక్తి లేదని ఏసమ్మత్త తన నోటితో అందా? ఇది మాత్రం రాయండి.

పాలెం,
5 సెప్టెంబరు 1986

ప్రియ కుమార్తెకు దీవెనలు.

నువ్వు కోపంగా రాసినా చేతిరాత ఎంత ముత్యాల్లా ఉందో. పాస్టరు గారికి కూడా చూపించాను. చదవనివ్వలేదులే, దూరం నుంచి చూపించాను.

ఏసమ్మ అలా అనలేదు. "ఎవరిస్తే వద్దన్నానూ" అందామనుకుందట.

రెండూ నిజమేనమ్మా. నాకు చదువు వచ్చు. పెళ్ళయిన మూడో ఏడు కాలవ పూడిక తీసే పనికి వెళ్ళినప్పుడు హాజరు కాగితం తెచ్చారు. అందరూ వేలు వేశారు. నేను కలం అడిగి పేరు రాశాను, చివర గీత కూడా గీశాను. వెంకట్రామయ్య గారి నాన్నగారు దాన్ని చూసి, "సంతకాలు పెట్టేవాడికి మన మట్టిలో పనేంటి, ఆఫీసుకి పొమ్మను" అన్నారు. కోప్పడలేదు, నవ్వుతూనే అన్నారు. ఆ ఏడాది నన్ను ఏ చేలోకీ పిలవలేదు. మీ అమ్మని కూడా. అప్పటికి మీ అన్న జార్జికి రెండేళ్ళు. వాడు జ్వరంతో పోయాడని నీకు చెప్పాం. జ్వరం కూడా ఉంది.

తరవాత వెళ్ళి, నాకు చదువు రాదండి, ఆ ఒక్క పేరే ఎవరో నేర్పారు, అదీ మర్చిపోయాను అన్నాను. పనిలోకి రమ్మన్నారు. ఆ పెద్దాయన పోయి ఇరవై ఏళ్ళయింది. కొడుకు మంచివాడు. కానీ అరుగు ఎక్కేసరికి నా చెయ్యి ప్యాడు వైపే వెళుతుంది. మీ పుస్తకంలో నాలుగో జవాబుకి చోటుందేమో మేడం గారిని అడుగు.

ఇట్లు,
నీ నాన్న

తా.క. నువ్వే తెనాలిలో చదువుతావని నాకు నమ్మకం. వెంకట్రామయ్య గారికి అప్పుడే చెప్పాను. జరీ కండువా చాకలికి వేశారు.

బాపట్ల,
2 నవంబరు 1986

ప్రియమైన నాన్నకు సారా వందనాలు.

ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఈ ఉత్తరం ముందుకి సాగలేదు. అందుకే ఇన్నాళ్ళు పట్టింది. నన్ను క్షమించండి.

ఆ కాగితాలు పాడైపోలేదు. ఇరవై అయిదు ఇళ్ళ మాట ఒక్క చేతిరాతలో ఉండటమే జవాబు అన్నారు మేడం. వ్యాసానికి నన్నే ఎంచారు. ఊరూ పేరూ చెప్పకుండా మీ కథ కూడా చదువుతాను. ఇరవై రెండో తారీఖు, శనివారం. వెంకట్రామయ్య గారు వస్తే రానివ్వండి. ముందు వరసలో ఒక కుర్చీ మీద మీ పేరు చీటీ అంటిస్తాను. తలుపు దగ్గర రిజిస్టరు ఉంటుంది. అందులో మీ చేత్తో మీ పేరు రాయండి నాన్నా. నాకు ఎమ్మే సీటు కన్నా ఆ పేజీ కావాలి.

మీ సారా

బాపట్ల,
24 నవంబరు 1986

నాన్నకు,

వ్యాసం బాగా చదివానన్నారు. మేడం సీటుకి రాస్తున్నారు. మీరు రాలేదు.

మీ కుర్చీలో వెంకట్రామయ్య గారు కూర్చున్నారు, చీటీ మీదే. అయిపోగానే రైలు టైమైందని మేడం తొందరపెట్టారు. అయినా రిజిస్టరు తెరిచి ప్రతి వరసా వేలితో వెతికాను. వెంకట్రామయ్య గారి సంతకం ఉంది, దాని కింద ఒక సిరా మరక ఉంది, మీ పేరు లేదు. ఆయన్ని పంపి మీరు మానేశారన్నమాట. ఇక అడగను.

సారా

పాలెం,
29 నవంబరు 1986

ప్రియ కుమార్తె సారాకు నాన్న దీవించి రాయునది.

వచ్చానమ్మా. మీ అమ్మ కోతలకి వెళ్ళింది, నేను వచ్చాను. కుర్చీ మీద నా పేరు కూడా చదివాను, ఎంత బాగా రాశావు. ఆయన కూర్చున్నాక లేవమనలేను కదా. తలుపు పక్కన ఆయన గొడుగూ చెప్పులూ పట్టుకుని నిలబడ్డాను. అక్కడ నుంచి నువ్వు ఇంకా బాగా కనిపించావు. నీ గొంతు మొదట్లో వణికింది, రెండో పేజీలో సర్దుకుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే చెప్పులు కింద పెట్టి నేనూ కొట్టాను. ఇంత సంతోషం నేను పుట్టి ఎరగను. అయిపోగానే బస్సు పోతుందని ఆయన లేచారు, నిన్ను కలవకుండానే వెంట వచ్చేశాను.

ఇరవై అయిదు కాగితాలూ ఒకటే చేతిరాత అని నువ్వు అన్నప్పుడు వెంకట్రామయ్య గారు పక్కాయనతో "నా రాతే" అని చెప్పుకున్నారు. ఆ కూలివాడి కథ దగ్గర మాత్రం కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. తిరుగు బస్సులో నన్ను అడిగారు, "ఎవరోరా పాపం, ఏ ఊరు వాడో. బిడ్డ పోయినా చదువు దాచుకున్నాడంటే ఎంత దుర్మార్గపు ఆసామి దొరికాడో. మా నాన్నగారి హయాములో ఇలాంటివి ఎరగం."

"ఏమోనండి" అన్నాను.

రేపల్లె వచ్చేదాకా ఆయన ఆ కూలివాడి గురించే బాధపడ్డారు. చెబుదామని రెండుసార్లు నోటి దాకా వచ్చింది. బాధపడే మనిషిని ఇంకా బాధపెట్టటం దేనికని ఊరుకున్నాను. భయమో జాలో, ఈ వయసులో నాకు తేడా తెలియటం లేదు.

నువ్వు ఎమ్మే చదువు. ఈ ఉత్తరం కింద మాత్రం పూర్తి పేరు పెడుతున్నాను, చివర గీతతో సహా. దాచుకో.

ఇట్లు,
నూతక్కి రాజారత్నం

తా.క. రిజిస్టరు దగ్గర కలం నా చేతికి ఇచ్చారమ్మా. పట్టుకున్నాను కూడా. వెనక నుంచి వెంకట్రామయ్య గారు "వాడికి రాదండి, ప్యాడు ఉందా" అన్నారు. ప్యాడు లేదన్నారు. అప్పుడు ఆయనే నా చేతిలో కలం తీసుకుని, నా బొటనవేలికి సిరా రాశారు, చంటిపిల్లాడికి మందు రాసినంత జాగ్రత్తగా. నువ్వు సిరా మరక అనుకున్నావు చూడు, అది నేనే.