స్టీలులో చూశాననే నింద గురించి, ప్లాస్టిక్ నర్సింగ్ మీద

మస్కట్‌లోని మన ఎంబసీలో కార్మికుల బాగోగులు చూసే అధికారి గారి సముఖమునకు,

జగిత్యాల జిల్లా వాస్తవ్యుడు, ప్రస్తుతం మస్కట్ శివారు మబేలాలో ఇంటింటికీ తిరిగి స్టీలు సామాను అమ్ముకునే గుండేటి ఇస్తారి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మబేలాలోని పాకిస్తానీ గల్లీలో నా మీద పడిన నింద, నింద వేసిన నర్సింగ్‌ను ఈ దేశం నుంచి పంపించివేయుట గురించి.

తమరు తెలుగు చదువుతారని విని తెలుగులోనే రాస్తున్నాను. కోపంలో రాసిన కాగితం ఒకటి చించేశాను. ఇందులో జరిగినవి మాత్రమే ఉన్నాయి.

1. దుక్మ్ రేవులో మా కంపెనీ సైట్ మూతపడ్డాక నేను మబేలా వచ్చి, సైకిల్ మీద స్టీలు గిన్నెలు, పళ్లాలు, డబ్బాలు పెట్టుకుని అమ్ముతున్నాను. నా బేరం ఎక్కువగా పాకిస్తానీ కుటుంబాలు ఉండే ఒక గల్లీలో. అక్కడి మగవాళ్లు డ్రైవర్లు, మేస్త్రీలు. పగలు ఇళ్లలో ఆడవాళ్లే ఉంటారు, పరాయి మగవాడి ఎదుటికి రారు. అందుకని అక్కడ అమ్మేవాడికి ఒక పద్ధతి ఉంది. తలుపు తట్టి, సామాను గడప మీద పెట్టి, "మాల్ రఖ్‌దియా బాజీ", అంటే సామాను పెట్టాను అక్కా అని చెప్పి, గోడవైపు తిరిగి నిలబడాలి. లోపలివాళ్లు తలుపు తీసి చూసుకుని, కావలసింది తీసుకుని, తలుపు వేసి పిలిచేదాకా ఇటు తిరగకూడదు. నేను తిరగలేదు. ఆ గల్లీలో నాకు గొంతులు తెలుసు, గాజుల చప్పుడు తెలుసు, గోడలకు పెచ్చులు ఎక్కడెక్కడ ఊడాయో తెలుసు. ముఖం ఒక్కటీ తెలియదు.

2. నర్సింగ్ మా పక్క ఊరివాడు. నన్ను అన్నా అంటాడు. పని పోయి వస్తే నా రూమ్‌లో చోటిచ్చాను. ఆ గల్లీకి నేనే తీసుకెళ్లాను, పైన చెప్పిన పద్ధతి నేనే నేర్పాను. అతను ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు, బుట్టలు అమ్మడం మొదలుపెట్టాడు. పొయ్యి మీదికి ప్లాస్టిక్ పనికిరాదు కనుక ఆడవాళ్లు ముందు నా సైకిల్‌నే ఆపేవాళ్లు. అతను చూసి ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే అనుకున్నాను.

3. ఒక శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యి మగవాళ్లంతా ఇళ్ల దగ్గర ఉండగా, నర్సింగ్ ఆ గల్లీ పెద్ద తారిఖ్ భాయ్‌తో ఒక మాట చెప్పాడు. ఇస్తారి గోడవైపు తిరుగుతాడు గానీ చేతిలో స్టీలు పళ్లెం ఉంటుంది, అందులో వెనకాల తలుపు కనిపిస్తుంది అని. గడప మీద పట్టని సామాను చేతిలోనే పట్టుకుంటాను, అది నిజం. స్టీలు గురించి కూడా నిజం చెబుతాను. గిన్నెలో మనిషి పొడుగ్గా సాగి, బట్టల రంగు మాత్రమే తెలుస్తుంది. గరిటెలో తలకిందులుగా ఉంటాడు. పళ్లెంలో ముఖం తెలుస్తుంది.

తారిఖ్ భాయ్ నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. ఎవరో చెప్పింది విని నమ్మే మనిషి కాదు, పరీక్ష చేస్తాడు. తన గుమ్మంలో తాను నిలబడి, నన్ను గోడవైపు తిప్పి, నా చేతికి నా పళ్లెమే ఇచ్చి, ఏం కనిపిస్తోందో నిజం చెప్పమన్నాడు.

"క్యా దిఖ్‌తా హై? సచ్ బోల్."

"ఆప్ దిఖ్‌తే, భాయ్."

"మై క్యా కర్ రహా హూఁ?"

"దాఢీ ఖుజా రహే."

గల్లీ అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. మీరే కనిపిస్తున్నారన్నాను, ఏం చేస్తున్నానో చెప్పమన్నాడు కనుక గడ్డం గోక్కుంటున్నారని చెప్పాను. నిజం చెప్పినందుకు సామాను ఎత్తుకోమన్నారు, మళ్లీ గల్లీలో కనిపించవద్దన్నారు. కనిపించడం వేరు, చూడడం వేరు అని చెప్పడానికి ఆ సమయంలో నాకు హిందీ అందలేదు.

4. రూమ్‌కు వచ్చి నర్సింగ్‌ను నిలదీశాను. మా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఏందిరా నర్సింగ్, నేను సూసిన్నా?"

"సూసినవని నేనన్ననా అన్నా? కనవడ్తదన్న. కనవడ్తదా, కనవడదా?"

"కనవడ్తది. నేను సూడలే."

"గది ఆళ్లకెట్ల ఎర్కైతది?"

"నీకెర్క లేదారా?"

"నాకెర్కనే. నన్నెవలన్న అడిగిన్రా?"

ఇలా అని అన్నం వడ్డించుకున్నాడు. నా స్టీలు పళ్లెంలోనే.

5. ఇప్పుడు పక్క గల్లీల పిల్లలు కూడా నన్ను చూసి "ఆయినావాలా" అని అరుస్తున్నారు. అద్దం వాడు అని అర్థం. నా సైకిల్ గంట వింటే తలుపులు పడుతున్నాయి. సంగతి నర్సింగ్ ఫోన్ ద్వారా మా ఊరికి కూడా చేరింది. నా భార్య కమలవ్వ ఫోన్ చేసి, "గిన్నెలల్ల ఆడోళ్ల మొకాలు సూస్తున్నవట గదా. నా మొకం ఎన్నడన్న సూసినవా గట్ల?" అని పెట్టేసింది. మళ్లీ ఎత్తడం లేదు. అయ్యా, దీనికి ఏ సెక్షన్ కింద నష్టపరిహారం వస్తుందో నాకు తెలియదు. వచ్చినా వద్దు. నాకు నర్సింగ్ కావాలి.

6. ప్రస్తుతం నర్సింగ్ అదే గల్లీలో స్టీలు అమ్ముతున్నాడు. ఫ్యాక్టరీలో అంటించిన పల్చటి ప్లాస్టిక్ కవరు పీకకుండా తెచ్చి, తన స్టీలులో ఏమీ కనిపించదని చెబుతున్నాడు. తెచ్చే హోల్‌సేల్ కొట్టు నేను చూపించినదే.

కనుక తమరు దయతలచి,

(క) వీధుల్లో అమ్మే అనుమతి నర్సింగ్‌కు లేదన్న సంగతి బలదియా (ఇక్కడి మున్సిపాలిటీ) తనిఖీవారికి అరబ్బీలో రాసి తెలియజేయాలి.

(ఖ) పంపించే ముందు అతన్ని గల్లీ మధ్యలో నిలబెట్టి, "ఇస్తారి చూడలేదు, నాకు తెలుసు" అని తారిఖ్ భాయ్‌కి అర్థమయ్యే హిందీలో చెప్పించాలి. తలుపుల వెనక ఉన్నవాళ్లకు కూడా వినపడాలి. మెల్లగా చెబితే మళ్లీ చెప్పించాలి.

(గ) అది వీడియో తీసి కమలవ్వకు పంపాలి. నంబరు కాగితం వెనకవైపు రాశాను.

7. తనిఖీవారు అడగకముందే చెబుతున్నాను. ఆ అనుమతి నాకు కూడా లేదు. నా వీసా మీద కూడా సైట్ పని అనే ఉంది. అతన్ని పట్టుకున్న వెంటనే నా పేరు చెబుతాడు. తెలిసే రాస్తున్నాను. నన్ను కూడా పంపదలిస్తే అదే విమానంలో, అతని పక్క సీటులో పంపించగలరు. అక్కడైతే లేచి వెళ్లిపోలేడు.

పై సంగతులన్నీ తమరు చిత్తగించి, ఎవరూ అడ్డుపడి రాజీ కుదర్చకముందే చర్య తీసుకోవలెనని వేడుకుంటూ,

తమ విధేయుడు, ఏమీ చూడనివాడు,
గుండేటి ఇస్తారి

తాజా కలం: ఈ అర్జీ కవరు అంటించబోతుండగా తారిఖ్ భాయ్ ఫోన్ చేశాడు. "ఆజా యార్, అమ్మీ తంగ్ కర్ రహీ." వాళ్లమ్మకు వంటకు పెద్ద గంజు, అంటే పెద్ద గిన్నె, కావాలట, నర్సింగ్ తెచ్చేవి చిన్నవట, పోరు పెడుతోందట. కవరు పీకని సామానే తీసుకుని రమ్మన్నాడు. ఇద్దరూ అమ్ముకోండి, గొడవ వద్దు అన్నాడు. చివర్లో, "జో హువా సో హువా, మాఫ్ కియా" అన్నాడు.

జరిగిందేదో జరిగిందట, క్షమించాడట. అంటే నేను చూశాననే ఇంకా అనుకుంటున్నాడు.

గల్లీ తిరిగి దొరికింది కదా, ఇక ఈ అర్జీ ఎందుకని తమరు అనుకోవచ్చు. అర్జీ అలాగే ఉంచుతున్నాను. సోమవారం వస్తానని ఆయనకు చెప్పాను. నర్సింగ్ కూడా ఉంటాడు. తనిఖీవారిని ఆ రోజే పంపగలరు. పొద్దున్నే వస్తే మంచిది. ఆలస్యమైతే వాడి సామాను అమ్ముడుపోతుంది.