ఆవాజ్

జూన్ 9, సోమవారం

తప్పులుంటాయి. ఒత్తులు నాకెప్పుడూ సరిగ్గా రాలేదు. రాత కోడి గెలికినట్టుంటుంది. ఐదో తరగతితో బడి మానిపించారు, క్షమించాలి. ఎవర్ని క్షమించమంటున్నానో నాకే తెలీదు. ఇది చదివేవాళ్లెవరూ లేరు.

ఇవాళ నేనూ మా మరిదీ ఈయన్ని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

ఈయన ఈ హిందీ ఊళ్లో ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు మీద క్రేన్ నడుపుతారు. పోయిన వారం చెప్పాపెట్టకుండా వేరే క్రేన్ ఎక్కించారు. దాని హారన్ మోగితే చెవిలో మేకు దిగినట్టుంటుందట. ఈయన లోడు జాగ్రత్తగా దింపేసి, చెవులు మూసుకుని క్యాబిన్‌లోనే కూర్చుండిపోయారు. ఎవరు పిలిచినా పలకలేదు. ఫిట్ అని డాక్టరు చేత రాయించుకురా, లేకపోతే డ్యూటీకి రావద్దు అని కాంట్రాక్టరు తాతబ్బాయి గారు చెప్పేశారు.

ఈయన ఎవరి మొహంలోకీ చూడరు. ట్యూబులైటు మోగుతోంది, ఆర్పమంటారు. నాకేమీ వినిపించదు, ఆర్పేస్తాను. అన్నంలో కూర కలిస్తే తినరు, విడిగా పెడతాను. చుట్టాలొస్తే వెనక గదిలోకి పోతారు. నాకూ చుట్టాలంటే బెరుకే, నేనూ పోతాను. పెళ్లయి రెండేళ్లయింది. ఇందులో కష్టమేటో నాకు ఇప్పటికీ తెలీదు.

డాక్టరు ఈయన్ని చూడలేదు, కంప్యూటర్ని చూశాడు. కళ్లలోకి చూడనిది మాత్రం ఈయనని రాసుకున్నాడు. నా హిందీ కూరగాయల బేరం వరకే. అయినా ఒక ముక్క పట్టుకున్నాను. ఆవాజేఁ సునాయీ దేతీ హైఁ క్యా, అంటే ఆవాజులు వినిపిస్తాయా అన్నాడు. ఈయన ఔనన్నారు. ఏం చెప్తున్నాయి అంటే, బేరింగ్ పోయిందని చెప్తోంది అన్నారు. డాక్టరు మొహం వెలిగిపోయింది. మిగతా మాటలు మరిది తెలుగులో చెప్పాడు. లేని గొంతులు వినిపించే జబ్బట. సంచెడు మాత్రలు రాశాడు.

జూన్ 14, శనివారం

పడుకున్నారు. లేచారు. పడుకున్నారు.

జూన్ 20, శుక్రవారం

మా అత్త కన్నమ్మకి సంబరంగా ఉంది. కొడుకు బాగుపడ్డాడట. కూర కలిపి పెట్టినా తినేస్తున్నాడట, చుట్టాలొస్తే కదలకుండా కూర్చుంటున్నాడట, ఇన్నాళ్లకి మనిషయ్యాడట. కదలడానికి ఓపికుంటే కదా. నోటెంట చొంగ కారుతోంది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఈ చేత్తో క్రేన్ ఎక్కితే కింద పనిచేసేవాళ్ల గతేటి?

మా మరిది సునీల్ ఫోన్ చేస్తే, మందు బాగా పనిచేస్తోంది అన్నాడట డాక్టరు. ఔను మరి. బండరాయి కూడా అల్లరి చెయ్యదు.

జూన్ 23, సోమవారం, సాయంత్రం

సునీల్ ఇక్కడే పుట్టాడు. వాడికి తెలుగు కంటే హిందీయే నయం. ఫోన్లో ఎవడి మీదో అరుస్తున్నాడు. పంఖా బంద్ కర్ యార్, పంఖే కీ ఆవాజ్ ఆ రహీ హై, తేరీ ఆవాజ్ నహీఁ ఆ రహీ అని. బెండకాయలు తరుగుతున్నదాన్ని ఆగిపోయాను. ఫ్యాను చప్పుడూ ఆవాజేనా, మనిషి గొంతూ ఆవాజేనా అని అడిగాను. రెండూ అదే వదినా, ఏటి, హిందీ పరీక్ష రాస్తావా అని నవ్వాడు.

లోపలికెళ్లి ఈయన్ని లేపాను. తెలుగులో అడిగాను. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు మీకు గొంతులు వినిపిస్తాయా అని. ఎవరూ లేకపోతే గొంతు ఎక్కడిది అన్నారు. మరి డాక్టరుకి ఔనన్నారేటి అంటే, ఆవాజ్ అడిగాడు, ఉంది, ఆయన నెత్తి మీది ఫ్యానుది అన్నారు. మళ్లీ పడుకున్నారు.

అదీ జబ్బు. డాక్టరు గారి ఫ్యానుకి బేరింగ్ పోయింది, మా ఆయన మాత్రలు మింగుతున్నారు.

జూన్ 26, గురువారం

మళ్లీ వెళ్లాం. సునీల్ అంతా విడమరిచి చెప్పాడు. డాక్టరు ఈగని తోలినట్టు చెయ్యి ఊపాడు. ఈ జబ్బున్నవాళ్లు మాకు లేదనే అంటారు, అదే దీని సింప్టమ్ అన్నాడట. ఉందంటే ఉన్నట్టు. లేదంటే మరీ ఉన్నట్టు. ఇంత సుఖమైన ఉద్యోగం ఇంకెక్కడా ఉండదు. ఫిట్ సర్టిఫికెట్ మాటెత్తితే ఆర్నెల్లు పోనీ అన్నాడు. ఇంకో మాత్ర పెంచాడు.

ఫ్యాను టకటకమంటూనే ఉంది. ఈసారి నాకూ వినిపించింది. అయినా నేను నోరు విప్పలేదు, కొంగు నలుపుతూ కూర్చున్నాను. బయటికొచ్చాక డాక్టర్ని తిట్టుకున్నాను. తర్వాత నన్ను తిట్టుకున్నాను.

జూన్ 29, ఆదివారం

ఆ ఆస్పత్రి గోడ మీద సునీల్ ఒక కాగితం చూశాడు. పెద్దవాళ్లలో ఆటిజం గురించి డాక్టర్లకీ థెరపిస్టులకీ అవగాహన సభ, ఇళ్లవాళ్లూ రావచ్చు అని ఉందట. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. సునీల్ దాని గురించి ఫోన్లో చదివి, ఇది అచ్చం అన్నే వదినా అన్నాడు. ఇవాళ సెక్టర్ 7లో సభ. వెళ్లాం.

హాలు నిండా ట్యూబులైట్లు. మైకు కీచుమంటోంది. ఇలాంటివాళ్ల గురించి నేర్చుకోడానికి, ఇలాంటివాళ్లు నిలబడలేని చోటు వెతికి మరీ పెట్టారు. ఈయన చెవులు మూసుకుంటే పక్క కుర్చీ ఆవిడ నోట్సు రాసుకుంది. ఆ లైటు ఆర్పిద్దామని ఆవిడకి తోచలేదు. తెర మీద అన్నీ పిల్లల ఫోటోలే. బొమ్మ కార్లు వరసగా పేర్చుకునే పిల్లాడు. వాడు పెద్దయ్యాక ఆవిరైపోతాడు కాబోలు. మా డాక్టరు కూడా మైకు పట్టుకున్నాడు. పేషంటు మాట ఓపిగ్గా వినాలట. సమోసా నముల్తూ అందరూ తలలూపారు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచాను. ఎలా లేచానో తెలీదు. కూర్చో వదినా, పరువు పోద్ది అంటున్నాడు సునీల్. ఎవరో మైకు చేతికిచ్చారు. నాకొచ్చిన ఒక్క ముక్క అడిగాను. డాక్టర్ సాబ్, ఆవాజ్ సునాయీ దేతీ హై క్యా అని.

హాఁ హాఁ, బిల్‌కుల్, బోలియే అన్నాడు నవ్వుతూ. బాగా వినిపిస్తోందట.

అక్కడితో నా హిందీ అయిపోయింది. అయితే ఆ మాత్రలు మీరే వేసుకోండి అని తెలుగులో అనేసి కూర్చున్నాను.

మైకు టెస్టు చేశాననుకున్నారు అందరూ. ముందు వరసలో ఒక్కావిడ మాత్రం గిరుక్కున వెనక్కి తిరిగింది. రాయపూర్ నుంచి వచ్చిన డాక్టరు, కృష్ణప్రియ గారు. మన బొబ్బిలివాళ్లే. సభ మధ్యలోనే లేచొచ్చి, ఈయన్ని బయట మెట్ల మీదికి తీసుకెళ్లారు. మొహంలోకి చూడకుండా, రోడ్డుకేసి చూస్తూ మాట్లాడారు. డాక్టరు ఏ మాటలతో అడిగారు అన్నారు. ఈయన మాటలన్నీ అప్పజెప్పారు, మధ్యలో డాక్టరు దగ్గిన దగ్గుతో సహా. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత కళ్లు తుడుచుకున్నారు.

జూలై 17, గురువారం

ఈయనకి గొంతుల జబ్బు లేదు, ఉన్నది ఆటిజమే అన్నారు కృష్ణప్రియ గారు. అయినా మాత్రలు ఒక్కసారి మానకూడదట. ఆవిడ కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. మా డాక్టరుతో మాట్లాడితే, లాంగ్వేజ్ ప్రాబ్లం అన్నాడట. ఎవరి లాంగ్వేజో చెప్పలేదు. సారీ కూడా చెప్పలేదు. బేరింగు మార్పించాడో లేదో.

ఇవాళ ఈయన కూర కలిసిందని కంచం తోసేశారు. అత్త నెత్తి కొట్టుకుంది. నేను లోపలికెళ్లి ఏడ్చాను, సంతోషంతో.

ఆగస్టు 22, శుక్రవారం

ఫిట్ అని, పాత క్రేనే ఇవ్వాలని కృష్ణప్రియ గారు రాశారు. ఈయన ఇవాళ క్రేన్ ఎక్కారు.

మా డాక్టరు సునీల్‌కి ఫోన్ చేశాడు. వచ్చే సభకి నన్ను తీసుకురమ్మన్నాడు. తలెత్తదు, సంబంధం లేకుండా మాట్లాడుతుంది, ఒకసారి ఆ అమ్మాయినీ చూడాలి అన్నాడట.

ఇది ఎవరికైనా దొరికితే ఆ డాక్టరు చేతికి మాత్రం ఇవ్వొద్దు. కాల్చెయ్యండి.