మైకు ఆపని రోజు

అయ్యా,

ఈ ఉత్తరం మీకు అందదని తెలుసు. బానిసత్వం నుంచి బయటపడి, దాదాపు రెండొందల ఏళ్ళ కిందటి అమెరికాలో పెద్ద చదువుకి వెళ్ళిన నల్లజాతి మనిషి మీరు. క్లాసులో కూర్చోనిచ్చారు గానీ నోరు విప్పకూడదన్నారు.

ఇక్కడ ఐర్లాండ్‌లో కరోనా లాక్‌డౌన్. ఆడమ్స్‌టౌన్‌లో మా వంటింటి బల్లే నా యూనివర్సిటీ. డౌట్ అడిగితే నవ్వుతారని చిన్నప్పటి భయం, అందుకే ఏడాదిగా ఆన్‌లైన్ క్లాసుల్లో మైకు ఆపుకునే కూర్చున్నాను. ఇవాళ మీ గురించి పాఠం చెప్పి, మేడమ్ "ఎనీ క్వశ్చన్స్?" అన్నారు. నన్నెవరూ అడగొద్దనలేదని అప్పుడు తట్టింది.

మైకు తెరిచి, "ఆయన అడగాలనుకున్నవి ఎక్కడైనా రాసుకున్నారా?" అన్నాను.

"నాకూ తెలీదు. నువ్వు వెతికితే గ్రాండ్," అన్నారావిడ. గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో భేష్ అని.

మీ పుణ్యమా అని నా నోరు పెగిలింది. మా రూమ్మేట్ పెట్టిన కుక్కర్ కూతలు క్లాసంతా విన్నా, మైకు మాత్రం ఆపలేదు.