నాలిక ఏడుంటది?

వరంగల్

బాపూ, మేమంత మంచిగున్నం, ఫికర్ చెయ్యకు. బట్ట నేసే సాంచెల చప్పుడుకు చెవులు పోయి ఫోన్ల నీకు ఇనవడదని కార్డు రాస్తాన.

నీ ఎత్తుపండ్లే మనుమరాలికి అచ్చినయని బాధపడ్డవు గద. కావ్యను మొన్న పండ్ల డాక్టరమ్మకు చూపిచ్చిన. "ఊకె కూసున్నప్పుడు నీ నాలిక ఏడుంటది బిడ్డా?" అని అడిగింది. నాకు నవ్వచ్చింది. చూస్తే, ముక్కు దిబ్బడేసి పిల్ల నోరు తెరుచుకునే ఉంటాంది, నాలిక కిందికి జారి ముందటి పండ్లను నూకుతాంది. పెదవులు మూసి, నాలికను అంగిటికి ఆనిచ్చి ఉంచాల్నట. నీ పోలిక అచ్చింది కొంతేనట.

అంత మెత్తటి కండ గట్టి పంటిని ఎట్ల జరుపుతదని అడిగితే, "బలంతోని కాదమ్మా, పొద్దంత ఆనుకోని ఉండుడుతోని" అన్నది. సాంచెల పడుగు చుట్టిన బీముకు నువ్వు ఏలాడగట్టే బరువు యాదికచ్చింది. అది కదలది, మెదలది, పడుగంత దాని మాటే ఇంటది. అసొంటిది మన నోట్లెనే ఉన్నదని ఇన్నేండ్లు మనకు తెల్వకపాయె.

ముక్కుకు మందు నడుస్తాంది. సెలవులకు అచ్చినప్పుడు కావ్యను జర కనిపెట్టు. పండుకున్నప్పుడు నోటికి గుడ్డ కడ్తనని అవ్వ అంటది, కట్టనియ్యకు. మిరపకాయలు కొనొద్దను, ఎనుమాముల మార్కెట్ నుంచి నేను తెస్త. అవ్వ మోకాళ్లు ఎట్లున్నయి? ఇద్దరికి దండాలు.

బాపూ, నువ్వు పసితనం నుంచి నూలు పొట్టుల పెరిగినవు, నీ ముక్కు ఎన్నడు సాఫ్‌గ లేకుండె. ఇప్పటికీ నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటవు. నీ నాలిక ఏడుంటదని చిన్నప్పుడు నిన్నెవ్వలు అడుగలె. నేను అడుగుతాన. ఈ కార్డు చదువుతాంటే అది ఏడున్నది?

నీ బిడ్డ
నవత