ఒక్క రోజుకీ, అయిదు రోజులకీ ఒకటే సంచి

మొంటానా రాష్ట్రం టీటన్ కౌంటీలో కాపురముంటున్న హార్లన్ బ్రాండ్‌వోల్డ్ గారి భార్య లెటా బ్రాండ్‌వోల్డ్ అనే నేను, వయస్సు డెబ్బై, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని స్వహస్తాలతో రాస్తున్న వీలునామా. నా బుద్ధి సరిగ్గానే ఉంది. మనసు మాత్రం ఇక్కడ లేదు, కొండ మీద ఉంది, ఎందుకంటే రేపు తెల్లవారితే వేట మొదలు. ఎవరి బలవంతమూ లేదని రాయాలట. అది అబద్ధం అవుతుంది. మా అమ్మాయి జనెల్ బలవంతం ఉంది. "డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఒంటరిగా కొండలెక్కుతానంటావు. ముందు ఆ కాగితం రాసిపెట్టు, తర్వాత నీ ఇష్టం" అని ఫోనులో తేల్చేసింది. సాయంత్రం సాక్షులు వస్తారు, ఈలోపు ముగించాలి. ఇంతకు ముందు రాసిన వీలునామా ఏదీ లేదు గనక రద్దు చేయడానికీ ఏమీ లేదు.

1. ఈ వీలునామాకు నా కుమార్తె జనెల్‌ను అమలుదారుగా నియమిస్తున్నాను. కాగితాల పని దానికి సరదా, నాకు తలనొప్పి. నేను పోయాక హాలు అద్దెకు తీసుకోవద్దు. వచ్చినవాళ్ళకు ఎల్క్ దుప్పి మాంసం కూర, బంగాళాదుంపలు పెట్టి పంపితే చాలు. మా ఫ్రీజరులో ఎల్క్ మాంసం మూడేళ్ళుగా లేదు. అప్పటికీ లేకపోతే కోడిని వండండి, నేను చూడను కదా.

2. మా ఇద్దరి పేరా ఉన్న ఇల్లు, కొట్టం, వెనక పచ్చిక భూమి నా భర్త హార్లన్‌కు అతని జీవితాంతం సర్వహక్కులతో చెందాలి. అతని తదనంతరం జనెల్‌కు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి హార్లన్‌కు కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇప్పుడు ఒకటీ అరా మాటలు వస్తాయి. అతన్ని కొండ కనిపించని గదిలో ఎవరూ ఉంచకూడదు. నా దుర్భిణి అతనికి. అతని కుర్చీ ఎప్పుడూ పడమటి కిటికీ వైపు తిప్పి ఉండాలి. ఇది కోరిక కాదు, షరతు.

అతను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున, "ఇక రాత్రిళ్ళు నిన్ను వదిలి ఎక్కడికీ పోను, పొద్దున వెళ్ళినా చీకటి పడేలోపు వచ్చేస్తా" అని మాటిచ్చాను. అతను అడగలేదు, నేనే ఇచ్చాను. అప్పటి నుంచి నాది పగటి వేట. కొండకు ఇటువైపు వాలు నిండా జనం, మోటారు బండ్ల రొద. ఎల్క్ మందలు అదంతా విని కొండ మీది గట్టు దాటి కెటిల్ లోయలోకి దిగిపోతాయి. అక్కడికి చేరడానికే ఒక పగలు పడుతుంది. నేను గట్టు మీద నిలబడి, కింద మేస్తున్నవాటిని కళ్ళారా చూసి, గడియారం చూసుకుని వెనక్కి తిరుగుతాను. అక్టోబరు వచ్చిందంటే ఈ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను. వచ్చే ఏడు నా మోకాళ్ళు ఆ గట్టు ఎక్కనిస్తాయని డాక్టరు కూడా అనడం లేదు. చావంటే నాకు పెద్ద భయం లేదు. ఆ లోయలో ఇంకొక్క రాత్రి గడపకుండానే పోతానేమోనన్నదే భయం.

3. ఇక సంచులు. మా ఇంట్లో బంగారం లేదు, వీపు సంచులు ఉన్నాయి. వీపు మీద బరువు మొయ్యడానికి మా నాన్న చేసిన చెక్క చట్రం జనెల్ గోడకు తగిలించుకుంటానంది, తగిలించుకోనీ. దానికి జేబు లేదు, నడుముకు పట్టీ లేదు, బరువంతా భుజాల మీదే. ఒక తరం మగవాళ్ళంతా వంగి నడిచింది దాని వల్లే. చిన్న ఆకుపచ్చ సంచి కూడా జనెల్‌కే. తేలిగ్గా, ముద్దుగా ఉంటుంది. ఒక్కపూట నడకకు అంతకు మించి అక్కర్లేదు. కానీ వేటకు చిన్న సంచి వేసుకుని వెళ్ళేవాడు ఏమీ దొరకదనే నమ్మకంతో బయల్దేరినట్టే. ఒక ఏడు దాంతో వెళ్ళి ఆడ ఎల్క్‌ను కొట్టాను. మాంసం మొయ్యబోతే కుట్లు తెగాయి, నెత్తురు వీపు మీదుగా బూట్లలోకి కారింది. మిగిలిన మాంసం చెట్టుకు వేలాడదీసి, మర్నాడు ఎలుగుబంటి కంటే ముందు చేరుకోవాలని పరుగెత్తుకు వెళ్ళాను.

4. నా భర్త తమ్ముడు వెర్లిన్‌కు మా అందరిలోకీ పెద్దదైన నీలం సంచి ఇస్తున్నాను. ఎందుకో ఇక్కడ రాసి తీరాలి. పెద్ద సంచి కొన్నవాడు దాన్ని నింపకుండా ఉండలేడు. వెర్లిన్ పెద్ద సంచి నిండా చింతపిక్క కూడా దూరకుండా సామాను కుక్కి మాతో కెటిల్ లోయకు వచ్చాడు. బీన్స్ డబ్బాలు, దిండు, మడత కుర్చీ. హార్లన్ మగ ఎల్క్‌ను పడగొట్టాక, "నా సంచిలో చోటు లేదొదినా" అన్నాడు. చోటు చేయొచ్చు కదా అన్నాను. "కుర్చీ కొత్తది" అన్నాడు. ఆ మాంసమంతా నేనూ హార్లనూ తిరిగి తిరిగి మోశాం. అతని వీపు మీద కొండ దిగింది కుర్చీ, మాంసం కాదు. పందొమ్మిదేళ్ళయింది, నేను మర్చిపోలేదు. నేను పోయాక కూడా అతను గుర్తు పెట్టుకోవాలని ఈ సంచి.

5. గోధుమరంగు సంచి. దీన్ని గ్రేట్ ఫాల్స్ పట్నంలో కొన్నాను. ఖాళీ సంచి తగిలించుకుని అద్దం ముందు నిలబడితే ఏ సంచైనా బాగానే ఉంటుంది. అందుకని పశువులు నాకే ఉప్పు దిమ్మ ఒకటి బండిలో వేసుకుని వెళ్ళాను. "మేడమ్, బరువు చూడ్డానికి మా దగ్గర ఇసుక మూటలున్నాయి" అన్నాడు కొట్టువాడు. "ఇసుక వీపుకు సర్దుకుంటుంది నాయనా, ఎల్క్ తొడ సర్దుకోదు" అని చెప్పి, ఒక్కో సంచిలో ఉప్పు దిమ్మ పెట్టుకుని బయట బండ్లు నిలిపే చోట తిరిగాను. రెండు సంచులు భుజాలు కోశాయి. ఒకటి అడుగడుక్కీ కిర్రుమంది. అది వేసుకుని వెళితే మృగాలకు ముందే కబురు పెట్టినట్టు. ఇంకోదానికి ఎన్ని జేబులంటే, చాకు ఎక్కడ పెట్టానో వెతుక్కునేలోపు తెల్లారిపోతుంది.

దీనికి గట్టి చట్రం, విడిగా తీయగలిగే సంచి. మెడ ఎముక నుంచి తుంటి దాకా మనిషిని బట్టి పొడవు మార్చుకోవచ్చు. బరువు నడుము మీద కూర్చుంటుంది. భుజాలు దాన్ని పడిపోకుండా పట్టుకుంటాయి, అంతే. పక్క పట్టీలు బిగిస్తే సంచి అట్టలా అణిగిపోయి ఒక్క రోజుకు సరిపోతుంది. కోటు, రొట్టె, చాకు, తాడు. పట్టీలు వదిలితే గుడారం, పడుకునే బొంత, అయిదు రోజుల తిండి పడతాయి. మాంసం సంచిలో వేయనక్కర్లేదు. చట్రానికీ సంచికీ మధ్య సందులో, వీపుకు దగ్గరగా కట్టుకోవాలి, అప్పుడు వెనక్కి లాగదు. సంచి ఎంచుకోవడం గురించి నాకు తెలిసింది ఇంతే, దీనికి ఫీజు లేదు. ఈ మూడేళ్ళూ దాని పట్టీలు బిగించే ఉన్నాయి. నా తర్వాత ఎవరికివ్వాలో తోచడం లేదు. ప్రస్తుతానికి ఖాళీ వదులుతున్నాను.

ఇక్కడ లేచి కోళ్ళకు మేత వేసి వచ్చాను. వచ్చేసరికి తలుపు దగ్గర రేపటి కోసం బిగించి పెట్టిన సంచి నిండు గర్భిణిలా ఉంది. పట్టీలన్నీ వదులు చేసి ఉన్నాయి. లోపల గుడారం, బొంత. హార్లన్ కుర్చీలో కూర్చుని రొప్పుతున్నాడు, పంటితో లాగినట్టున్నాడు, ఒక పట్టీ కొస తడిగా ఉంది. అన్నీ బయటికి తీసి మళ్ళీ బిగించాను. "రేపు ఒక్క పగలే కదయ్యా, సాయంత్రానికి వచ్చేస్తాను" అన్నాను. అతను కళ్ళు మూసుకున్నాడు. మాటలతో పాటు రోజుల లెక్క కూడా పోతోందా అని అనుమానం వచ్చింది. జనెల్, ఇది డాక్టరుకు చెప్పాలి.

6. రైఫిల్ జనెల్‌కు. కావాలంటే అమ్ముకోవచ్చు. కొనేవాడు వెర్లిన్ మాత్రం కాకూడదు.

బయట బండి ఆగింది. సాక్షి సంతకానికి పొరుగున ఉండే ఆర్డిస్ కోల్‌స్టాడ్, ఆమె భర్త వస్తామన్నారు. వాళ్ళే అయి ఉంటారు.

7. వాళ్ళు కాదు, వెర్లిన్. చేతిలో బట్టల పెట్టె, చంకలో సూపు డబ్బాలు. ఎవరు రమ్మన్నారు అని అడిగాను. "అన్నయ్య ఫోన్ చేశాడొదినా. మొదట ఎవడో తాగి వాగుతున్నాడనుకుని పెట్టేశా. మళ్ళీ చేశాడు, మళ్ళీ పెట్టేశా. మూడోసారి 'లెటా... కొండ... అయిదు' అన్నాడు. అప్పుడు అర్థమైంది. అయిదు రోజులు నేనుంటాను, నువ్వు పోయిరా" అన్నాడు. నా మొహం చూసి, "మాత్రలూ స్నానమూ నాకు చేతకావనుకుంటున్నావేమో. మా అమ్మకు చివరి రోజుల్లో చేసిందెవరనుకున్నావ్?" అన్నాడు. నిజమే, అతనే చేశాడు. ఆ సంగతి నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

హార్లన్‌కు ఫోను మీటలు నొక్కడమే ఒక యుద్ధం. అవతలివాడు రెండుసార్లు పెట్టేసినా వదల్లేదు. అతనికి రోజుల లెక్క పోలేదు, నాకంటే బాగా తెలుసు. నేనిచ్చిన మాటకు నన్ను కట్టిపడేయకుండా అతనే విప్పాడు. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, అక్షరాలు అలుక్కుపోయిన చోట కారణం అదేనని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

8. ఆర్డిస్ ఒక్కతే వచ్చింది. దూడలను తీసుకెళ్ళే లారీ ఆలస్యమై ఆమె భర్త దొడ్డి దగ్గరే ఉండిపోయాడు. రెండో సాక్షి కావాలి. నేను పెడతానని వెర్లిన్ ముందుకొచ్చాడు. వాటా ఉన్నవాడు సంతకం పెట్టకపోవడమే మంచిదని లాయరు చెప్పాడన్నాను. "నాకేం వాటా?" అన్నాడు. వేరే దారిలేక నాలుగో అంశం పైకి చదివాను. ఆర్డిస్ నవ్వి నవ్వి బల్ల పట్టుకుంది. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆ కుర్చీని ఇంకా మోస్తూనే ఉన్నావా వదినా? దించెయ్, నడుము పోతుంది. నా పేరు కొట్టెయ్, సంతకం పెడతా" అన్నాడు. కాబట్టి నాలుగో అంశాన్నీ, ఆరో అంశంలోని చివరి వాక్యాన్నీ కొట్టివేసి పక్కన నా పొడి అక్షరాలు రాశాను. నీలం సంచి ఎవరికీ అక్కర్లేదు, కోళ్ళ దాణా పోసుకోండి.

9. అయిదో అంశంలో వదిలిన ఖాళీని ఇలా నింపుతున్నాను. గోధుమరంగు సంచి ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు. పట్టీలన్నీ వదిలి, హార్లన్ పెట్టినవన్నీ మళ్ళీ అందులోనే సర్దాను. రేపు అది నాతో కెటిల్ లోయకు వస్తోంది. నేను ఆరో రోజు పొద్దుటికి రాకపోతే, వెతకడానికి వచ్చినవాళ్ళలో దాన్ని కిందికి ఎవరు మోసుకొస్తే వాళ్ళదే ఆ సంచి. మాంసం ఉంటే ముందు మాంసం దించండి.

తేదీ: 2025 అక్టోబరు 24, శుక్రవారం. పై అంశాలన్నీ నేను చదువుకుని, కొట్టివేతలతో సహా ఒప్పుకుని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను. ఇంకా దీపం పెట్టలేదు, గట్టు కనిపిస్తూనే ఉంది.

(సంతకం) లెటా బ్రాండ్‌వోల్డ్

సాక్షులు:
ఆర్డిస్ కోల్‌స్టాడ్
వెర్లిన్ బ్రాండ్‌వోల్డ్

హార్లన్ బ్రాండ్‌వోల్డ్

గమనిక: పై మూడో సంతకం నా భర్తది. కలం లాక్కుని ఎడమ చేత్తో పెట్టాడు. ఆస్తి పొందేవాడివి, సాక్షిగా నీ సంతకం చెల్లదయ్యా అని చెప్పాను. "చెల్లుతుంది" అన్నాడు.