చేతికి తెలిసే ప్రెస్

అల్ అమెరాత్,
శుక్రవారం మధ్యాహ్నం

అన్నకు, నీ చెల్లెలు సుశీల నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నమ్మ కంటి ఆపరేషన్ ఎలా అయిందో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఈ ఎడారి దేశంలో అప్పుడే ఉక్కపోత మొదలైంది. మీ బావ డ్యూటీకి వెళ్లాక, నా ఆఫీసు లేని రోజున, ఏసీ చప్పుడు తప్ప పలకరించే దిక్కు ఉండదు. అందుకే నీ ఉత్తరాల కోసం అంతగా చూస్తాను. కానీ పోయినసారి నువ్వు రాసింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. అక్షరాలు వంకరగా ఉంటే అదే కారణం.

నేను నిన్ను అడిగింది ఒకటే ప్రశ్న. తూటాలో గుండు కూర్చోబెట్టడానికి, చేత్తో హ్యాండిల్ లాగి నొక్కే ఆర్బర్ ప్రెస్ చిన్నది మంచిదా, పెద్దది మంచిదా అని. ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పేవాడివి, నీకు కాక ఎవరికి తెలుస్తుందని రాశాను. నువ్వేం రాశావు? "తుపాకీ గుళ్ల గొడవ ఆడదానివి నీకెందుకమ్మా, మీ మేనేజర్ చూసుకుంటాడు, ఆరోగ్యం జాగ్రత్త."

నాకెందుకో చెబుతాను విను.

మా కంపెనీ పనిముట్లు, చిన్న యంత్రాలు అమ్ముతుందని నీకు తెలుసు. టైపిస్టుగా చేరినా, కేటలాగులు చదివి ఎవరికి ఏది సరిపోతుందో నోట్ రాసేది నేనే. సమాయిల్ అనే ఊరి వైపు ఒక రైఫిల్ క్లబ్ ఉంది. అక్కడి నుంచి గౌస్ భాయ్ వచ్చాడు. కడప మనిషి, యాభై దాటాయి. పోటీలకు వెళ్లేవాళ్ల తూటాలు ఆయనే చేత్తో తయారు చేస్తాడు. మందు లేని ఖాళీ ఇత్తడి తొడుగు ఒకటి, కేసు అంటారు దాన్ని, గుండు ఒకటి నా టేబుల్ మీద పెట్టాడు.

"మ్యాడమ్, ఈ గుండు ఈ మెడలోకి దిగేటప్పుడు ఎంత బిగువుగా పోతాందో నా చేతికి తెలియాల. ఒగటి వదులు, ఒగటి బిగువు అయితే రెండూ ఒగ చోట తగలవు. హ్యాండిల్ లాగితే చేతికి చెప్పాల. అట్లాంటి ప్రెస్ ఇప్పీండి."

నాన్న మాటే అది. చక్కెర ఫ్యాక్టరీ షెడ్డులో ప్రెస్ మీద బుష్, ఆ చిన్న లోహపు గొట్టం, రంధ్రంలోకి దింపేటప్పుడు మనిద్దరి చేతులూ హ్యాండిల్ మీద పెట్టించేవాడు, గుర్తుందా? "బిగువు కంటికి కనపడదు బిడ్డా" అనేవాడు. నీ చెయ్యి ఎంతసేపు పెట్టించాడో నాదీ అంతసేపే పెట్టించాడు.

మూడు రోజులు కేటలాగులు ముందేసుకుని కూర్చున్నాను. చిన్నదానికి హ్యాండిల్ పొట్టి, దిగే కడ్డీ అటూ ఇటూ ఆడదు, అడుగు పలక దానికి సరిగ్గా మట్టంగా ఉంటుంది, ఎత్తు కూడా ఆ తూటాకి సరిపోతుంది. పెద్దది బేరింగులు దింపడానికి చేసింది. బిగువు ఎంత తగిలినా దాని పొడుగు హ్యాండిల్ మింగేస్తుంది, చేతిదాకా రానివ్వదు. చిన్నదే పంపాలని నోట్ రాసి, నీ జవాబు కోసం సొరుగులో ఆపాను. నీ జవాబు వచ్చింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని, నా లెక్క మీద నాకే అనుమానం పుట్టి, నోట్ మళ్లీ టైప్ చేసి, చివర "ఇది నా అభిప్రాయం మాత్రమే, తుది నిర్ణయం తమరిదే" అని చేర్చాను. నీ మీద కంటే ఆ వాక్యం మీద నాకు కోపం ఎక్కువ.

మా మేనేజర్ తెలుగాయనే, కోస్తా వైపు. ఆ వాక్యం దగ్గర ఆగి నవ్వాడు.

"నీకే నమ్మకం లేదు కదమ్మా! గోడౌన్లో పెద్దది దుమ్ము కొట్టుకుపోతోంది, అదే పంపించేద్దాం. చిన్నది చేసే పని పెద్దది చెయ్యలేదా?"

"ఇక్కడ బలం అక్కర్లేదు సార్..."

"ఏవమ్మా, నువ్వెప్పుడన్నా తుపాకీ పట్టావా?"

మీరు పట్టారా అని అడగాల్సింది. ఆఫీసంతా నవ్వింది. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను.

పెద్దదే వెళ్లింది. వారానికే గౌస్ భాయ్ ఫోన్ చేశాడు. "మ్యాడమ్, ఇది నా చేతికి ఏం చెప్పల్యా." మేనేజర్‌కి చెబితే, "అలవాటవుతుందిలే" అన్నాడు. నెల తిరిగేసరికి పోటీలో క్లబ్ వాళ్ల గుళ్లు చెల్లాచెదురయ్యాయి. ప్రెస్ కొత్తది కాబట్టి తప్పు గౌస్ భాయ్‌దేనని, ఇంటికి పంపించేస్తామని క్లబ్ వాళ్లు అన్నారు. మా మేనేజర్ నన్ను పిలిచి, "ప్రెస్‌లో లోపం లేదు, వాడేవాడికి పని రాదు అని ఒక లెటర్ కొట్టమ్మా, సంతకం పెట్టేస్తాను" అన్నాడు.

కాగితం ఎక్కించాను. తేదీ కొట్టి ఆపేశాను. అప్పుడు కూడా అనుమానమే చూడు: నిజంగా ఆయన చేతి తప్పే అయితే?

పోయిన వారం, గురువారం నాడు, షాపు అద్దాల బీరువాలో నమూనాగా ఉన్న చిన్న ప్రెస్‌ను ఎవరినీ అడక్కుండా తీసి, ఒళ్లో పెట్టుకుని సమాయిల్ వెళ్లాను. "వాళ్ల గొడవ మనకెందుకు" అని మీ బావ దారంతా నీ పాటే పాడాడు. కారు మాత్రం ఆపలేదు.

గౌస్ భాయ్ పెట్టె కట్టేసి ఉంది. క్లబ్ పెద్ద సాలిం గారిని కూర్చోమని, పది ఖాళీ కేసులు అడిగాను. వాటిలో బిగువు మెడవి మూడు కలపమని, అవేవో నాకు చెప్పొద్దని గౌస్ భాయ్ తో అన్నాను. పెద్ద ప్రెస్ మీద పదింటిలోనూ గుండు దింపాను. అన్నీ వెన్నలోకి దిగినట్టే దిగాయి, ఒక్కదాన్నీ పోల్చుకోలేకపోయాను. అలాంటివే మరో పది తెప్పించి చిన్నదాని మీద దింపాను. రెండోది, ఆరోది, తొమ్మిదోది బిగువని చెయ్యి చెప్పింది. గౌస్ భాయ్ నా వెనక నేల మీద పుల్లతో గీసి పెట్టుకున్న అంకెలు అవే మూడు.

సాలిం గారు లేచి తనూ రెండింటి మీదా లాగి చూశారు. హిందీలో అడిగారు: "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?"

చెప్పానని నోట్ కార్బన్ కాపీ ఇచ్చాను. కింది భాగం మడిచి ఇద్దామా అని ఒక క్షణం అనిపించింది. మడవలేదు. ఆయన చివరి వాక్యం మీద వేలు పెట్టి, "ఇది ఎవరు రాయమన్నారు?" అన్నారు.

"ఎవరూ రాయమనలేదు" అన్నాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదన్నా.

"పెట్టె విప్పుదునా సాబ్?" అని గౌస్ భాయ్ అడిగాడు.

"ఖోలో" అన్నారు సాలిం గారు, చిన్న ప్రెస్‌ను తన వైపు లాక్కుంటూ.

వచ్చేటప్పుడు గౌస్ భాయ్ గేటు దాకా వచ్చాడు. "మ్యాడమ్, మీ నాయన ఏం పని చేసేటోడు?"

"ఫిట్టర్."

"అదే అనుకున్యా."

పెద్ద ప్రెస్ తిరిగొచ్చింది. మేనేజర్ నాతో మాట్లాడడం మానేశాడు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మీరు దిగులు పడకండి, మేం బాగానే ఉన్నాం. మొన్న ఇంకో నోట్ రాశాను. చివర ఏమీ చేర్చలేదు, నా పేరు తప్ప.

ఒక్క పని చెయ్యి. వెంట్రుక మందం కూడా కొలిచే నాన్న మైక్రోమీటరు, కొడుకువని నువ్వే తీసుకున్నావు కదా, నీ బీరువాలో వదిన చీరల కింద ఊరికే పడుంది. మీ బావ సైట్లో పనిచేసే మల్లయ్య సెలవు మీద నిజామాబాద్ వస్తున్నాడు, అతని చేతికియ్యి. గుడ్డలో చుట్టి, తుప్పు పట్టకుండా నూనె రాసి.

చిన్నమ్మకు పాదాభివందనాలు, వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పెద్దవాడివి, నన్ను దీవించు. జవాబు రాస్తే ఈసారి అడిగినదానికి రాయి. మైక్రోమీటరు మాత్రం అడగడం లేదు, పంపమంటున్నాను.

నీ చెల్లెలు,
సుశీల